‘మొక్కల కొల్లాజెన్’ అని అమ్మారు, డబ్బాలో కొల్లాజెనే లేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. చర్మం మెరుస్తుంది, జుట్టు రాలడం ఆగుతుంది, 90 రోజుల్లో ఫలితం గ్యారంటీ అన్న ప్రకటన చూసి ‘నూరు శాతం మొక్కల కొల్లాజెన్’ అనే పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నేను ఫాలో అయ్యే ఒకావిడ తను కూడా వాడుతున్నానని వీడియోలో చెప్పడంతో నమ్మకం కుదిరింది. మూడు నెలలు వాడినా మార్పు లేదు. పైగా మెడ మీద దద్దుర్లు వచ్చాయి. మొక్కల్లో అసలు కొల్లాజెన్ ఉండదని తెలిసిన డాక్టరు గారు చెప్పారు. డబ్బా వెనక చూస్తే చిన్న అక్షరాల్లో ‘ఇందులో కొల్లాజెన్ లేదు, శరీరంలో కొల్లాజెన్ తయారీకి తోడ్పడుతుంది’ అని ఉంది. సీలు తీసిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని కంపెనీ అంటోంది. నేను అడక్కుండానే నాలుగో నెల డబ్బు కూడా అకౌంట్‌లోంచి కట్ అయింది. కేసు వేయొచ్చా? ఆ వీడియో చేసినావిడ మీద కూడా వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండీ. డబ్బు తిరిగి వచ్చే అవకాశం కూడా బాగానే ఉంది. అయితే ‘వాడినా మార్పు రాలేదు’ అన్న ఫిర్యాదును ముందు పెట్టుకుని వెళ్లకండి. మీ కేసులో అన్నిటికంటే బలహీనమైనది అదే. జుట్టు రాలడానికి థైరాయిడ్, రక్తహీనత, పెద్ద జ్వరం, ప్రసవం, టెన్షన్, వంశపారంపర్యం ఇలా ఎన్నో కారణాలు ఉంటాయి. అవతలి లాయరు ఇవన్నీ ఏకరువు పెట్టి, ‘రోజూ చెప్పిన మోతాదులో వాడారని రుజువేంటి?’ అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పడం కష్టం. మీ అసలు బలం డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న మాటకీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మాటకీ మధ్య ఉన్న తేడా. అమ్మినవాడు ఏం చెప్పి అమ్మాడు, ఏం ఇచ్చాడు అన్నదాని మీదే కేసు నడపండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా ఆ దృష్టితోనే చూస్తుంది. ఇందులో సరుకులో ‘లోపం’ అంటే పాడైపోయిన సరుకు, విరిగిన సరుకు మాత్రమే కాదు. వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత, పరిమాణం, శక్తి, స్వచ్ఛత సరుకులో లేకపోయినా లోపమేనని సెక్షన్ 2(10) చెబుతుంది. సరుకు స్వభావం గురించి గానీ, అందులో ఏముందన్న దాని గురించి గానీ కొనేవాళ్లను పొరబడేలా చేసే ప్రకటన సెక్షన్ 2(28) ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా అంతే.

ఇక్కడ కొల్లాజెన్ గురించి కాస్త తెలుసుకోవాలి, ఎందుకంటే మీ కేసంతా దాని మీదే నడుస్తుంది. కొల్లాజెన్ జంతు శరీరాల్లో ఉండే ప్రొటీన్. మార్కెట్లో కొల్లాజెన్ పొడిగా దొరికేది సాధారణంగా చేపల పొలుసులు, చర్మం నుంచో, పశువుల చర్మం, ఎముకల నుంచో తీసినది. మొక్కలు దాన్ని తయారు చేయవు. ‘మొక్కల కొల్లాజెన్’ పేరుతో వచ్చే డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి గ్లైసిన్, ప్రోలిన్, లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌కు ముడిసరుకు), విటమిన్ సి, వెదురు నుంచి తీసిన సిలికా, బయోటిన్ అనే విటమిన్, ఉసిరి సారం వంటివి. మన శరీరం కొల్లాజెన్ తయారు చేసుకోవడానికి విటమిన్ సి నిజంగానే కావాలి. అది బాగా కొరవడితే స్కర్వీ అనే జబ్బు వచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. కాబట్టి ‘తయారీకి తోడ్పడుతుంది’ అన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఇటుకలు, సిమెంటు దింపి ‘ఇల్లు ఇచ్చాం’ అంటే ఒప్పుకుంటామా? ముడిసరుకు అమ్మేవాళ్లు ముడిసరుకనే చెప్పాలి.

జన్యుమార్పిడి చేసిన ఈస్ట్ లాంటి సూక్ష్మజీవుల చేత కొల్లాజెన్ తయారు చేయించే పద్ధతి ఉన్నమాట నిజమే. అలాంటిదే అమ్మి ఉంటే మన వాదన మారిపోయేది. మీ డబ్బా మీద ‘కొల్లాజెన్ లేదు’ అని కంపెనీయే రాసింది కనుక ఆ గొడవ లేదు. మామూలుగా సరుకులో లోపం ఉందని తేల్చాలంటే సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ (ఇలాంటి కేసులు వినే కోర్టు లాంటిది) శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపుతుంది, ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. మీకు ఆ ఖర్చు రాకపోవచ్చు, వాళ్ల లేబులే వాళ్ల ఒప్పుకోలు.

వాళ్లు చెప్పబోయేది కూడా ఇదే లేబుల్ గురించి: ‘నిజం వెనక రాశాం కదా, చదువుకోవాల్సింది.’ దీనికి కంగారు పడకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రధాన ప్రకటనలోని తప్పుడు మాటను సరిదిద్దడానికి చిన్న అక్షరాల సూచనను వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. ముందు ‘కొల్లాజెన్’, వెనక ‘కొల్లాజెన్ లేదు’ అని రాయడం సరిగ్గా ఆ నిషేధం కిందికే వస్తుందని నా అభిప్రాయం.

‘90 రోజుల్లో గ్యారంటీ’ అన్న మాట వాళ్లకు ఇంకా పెద్ద చిక్కు. తగిన పరీక్షలు లేకుండా సరుకు పనితీరుకు హామీ ఇవ్వడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్షలు చేశామని కంపెనీ వాదిస్తే, ఆ సంగతి రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. పొడి పనిచేయదని మీరు రుజువు చేయనక్కర్లేదు. నోటీసులోనే ఒక వాక్యం పెట్టండి: ‘90 రోజుల హామీకి ఆధారమైన పరీక్షల నివేదికలు, ఈ ఉత్పత్తి మీద చేసినవే, నాకు పంపండి.’ విటమిన్ సి గురించి ఎవరో ఎక్కడో చేసిన అధ్యయనం పంపితే సరిపోదు, ఈ పొడి మీద చేసినది కావాలి. ఈ ఒక్క వాక్యానికే చాలా కంపెనీలు రాజీకి దిగుతాయి.

అదే ప్రకటనలో ‘కొల్లాజెన్ బిల్డర్’ అని, ‘చర్మ ఆరోగ్యానికి తోడ్పడుతుంది’ అని మాత్రమే ఉండి, గడువు, గ్యారంటీ ఏమీ లేకపోతే మీకు ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు. ఇలాంటి డబ్బా కొన్న మిగతా పాఠకులు ముందు తమ ప్రకటనలోని మాటలు చూసుకోవాలి.

సీలు తీసిన సరుకు తీసుకోం అన్న వాళ్ల షరతు ఇక్కడ చెల్లదు. సీలు తీయకుండా ఎవరైనా వాడేదెలా? ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం సరుకు ప్రకటనలో చెప్పిన లక్షణాలతో లేకపోతే వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం అనడానికి వీల్లేదు. సొంత వెబ్‌సైట్‌లో అమ్మినా, పెద్ద యాప్‌లో అమ్మినా అంతే. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కాబట్టి కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేసి అలసిపోవద్దు, ఫిర్యాదులు చూసే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈ-మెయిల్ పెట్టండి. మాటల్లో జరిగింది ఎవరికీ గుర్తుండదు, ఈ-మెయిల్ ఉంటుంది.

ఇక వీడియో చేసినావిడ సంగతి. ఆవిణ్ని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు, కానీ రెండు విషయాలు ముందు తేల్చుకోండి. ఆవిడ డబ్బు గానీ ఉచిత సరుకు గానీ తీసుకుని, ఆ సంగతి వీడియోలో చెప్పకుండా దాచిందా? నిజంగా వాడకుండానే వాడానని చెప్పిందా? ప్రచారం చేసేవాళ్లు తాము చెప్పేదాన్ని ముందు సరిచూసుకోవాలి, కంపెనీతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టాలి. లేకపోతే సెక్షన్ 21 కింద అథారిటీ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, ఏడాది దాకా ప్రచారం చేయకుండా ఆపవచ్చు. మళ్లీ చేస్తే జరిమానా 50 లక్షల దాకా, నిషేధం మూడేళ్ల దాకా ఉంటుంది. తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకుంటే శిక్ష తప్పుతుంది. కేరళలో త్రిస్సూర్ జిల్లా కమిషన్ ముందుకు ఒక హెయిర్ క్రీమ్ కేసు వచ్చింది, 2021 జనవరిలో పత్రికల్లో బాగా నలిగింది. ప్రకటనలో నటించిన సినిమా నటుడు ఆ క్రీమ్ తాను వాడలేదని ఒప్పుకున్నాడు. కంపెనీతో పాటు అతణ్నీ పదేసి వేల రూపాయల పరిహారం కట్టమన్నారు. మొత్తం చిన్నదే, కానీ ప్రచారం చేసిన మనిషిని బాధ్యుణ్ని చేయడం ముఖ్యం. నా సలహా ఏమిటంటే, డబ్బు కోసం కంపెనీ మీద జిల్లా కమిషన్‌లో కేసు వేయండి, ఆవిడ గురించి అథారిటీకి విడిగా ఫిర్యాదు పంపండి. ఈ ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు కూడా ఇవ్వవచ్చని సెక్షన్ 17 చెబుతుంది. రెండూ ఒకే కేసులో కలిపితే మీ డబ్బు సంగతి ఆలస్యమవుతుంది.

నాలుగో నెల డబ్బు కట్ అయిన విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ రోజే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆ ఆటో పేమెంట్ అనుమతిని రద్దు చేయండి, లేకపోతే వాదన నడుస్తుండగానే అయిదో నెల కూడా పోతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘ప్రతి నెలా పంపండి’ అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉందేమో గుర్తు చేసుకోండి. అలా ముందే పెట్టిన టిక్‌ను మీ సమ్మతిగా లెక్కించకూడదని ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. రద్దు చేసుకునే దారి దొరక్కుండా దాచడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే వెబ్‌సైట్, యాప్ ఎత్తులు) మార్గదర్శకాలు నిషేధించాయి.

దద్దుర్ల విషయానికి వస్తే, ముందు పొడి ఆపేసి చర్మ వైద్యుణ్ని కలవండి. ఇది కేసు కోసం చెబుతున్న మాట కాదు. వెళ్లేటప్పుడు డబ్బా తీసుకెళ్లండి. ఇందులో బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ లాంటి కొన్ని రక్త పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు, కాబట్టి పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి. ఉత్పత్తి వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం ఇవ్వాలని సెక్షన్ 84 చెబుతుంది, కానీ దద్దుర్లు ఈ పొడి వల్లే వచ్చాయని డాక్టరు రాసిన కాగితం లేకుండా ఆ మాట నిలబడదు. డాక్టరు అలా రాయలేనంటే పరిహారం కోరిక పెట్టకండి, గట్టిగా ఉన్న వాదన కూడా పలచబడుతుంది.

మీరు శాకాహారులు కాబట్టి ఇంకొక్కటి చూడండి. డబ్బా మీద ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉందా? వేగన్ (పాలు, తేనె సహా జంతు పదార్థాలేవీ లేనిది) అని రాసి ఉంటే 2022 వేగన్ ఫుడ్స్ నిబంధనల ప్రకారం తయారీలో వాడే సహాయక పదార్థాలు కూడా జంతువుల నుంచి వచ్చినవి కాకూడదు. పదార్థం ఎంత కొంచెమైనా అది మొక్కదా, జంతువుదా అన్నది చెప్పి తీరాలని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు రామ్ గౌ రక్షా దళ్ కేసులో తీర్పునిచ్చింది. పొడికి బదులు క్యాప్సూళ్లు కొనేవాళ్లు పైతొడుగు జెలటిన్‌దా అని తప్పక చూడాలి, జెలటిన్ జంతు పదార్థం. లేబుల్ మీద అనుమానం ఉంటే ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయండి. ఆహార భద్రతా చట్టం, 2006 సెక్షన్ 53 కింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. అది ప్రభుత్వానికి వెళ్తుంది, మీకు రాదు.

కేసు వేసే పద్ధతి కష్టమేమీ కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి, చాలా రిఫండ్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపి, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. కంపెనీ షరతుల్లో ‘ఫలానా నగరం కోర్టులకే అధికారం’ అని ఉన్నా, సెక్షన్ 34 మీ ఊళ్లోనే వేసుకునే హక్కు ఇచ్చింది. వినియోగదారుల కేసుల వెబ్‌సైట్ అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ల్యాబ్ పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకోండి. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఇవాళే చేయాల్సింది ఆధారాలు దాచుకోవడం. నోటీసు అందగానే ప్రకటనలు, వీడియోలు మాయమవుతాయి. ప్రకటన, ఉత్పత్తి పేజీ, వీడియో, దాని కింద ఉన్న వివరణ అన్నిటినీ తేదీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. బిల్లు, బ్యాంకు మెసేజ్‌లు, డబ్బా నాలుగు వైపులా ఫొటోలు, మిగిలిన పొడితో సహా డబ్బా ఉంచండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేస్తే, తర్వాత అభ్యంతరం రాదు.

ఈలోగా కోపంలో సోషల్ మీడియాలో ‘దొంగ కంపెనీ’ అని రాయకండి, పరువు నష్టం నోటీసు మీకే వస్తుంది. డబ్బా ముందు ఫొటో, వెనక ఫొటో పక్కపక్కన పెట్టి, మీరు అడిగిన ప్రశ్న, వాళ్లిచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్టు రాయండి. దానికి వాళ్లు మీ మీద కేసు గెలవడం కష్టం.