‘సానియా లెక్క ఎందుకు కాలేదు?’ అని అడిగితే

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. తొమ్మిదేళ్లప్పుడు టెన్నిస్ రాకెట్ పట్టుకున్నాను, పదిహేడేళ్లకు ప్రొఫెషనల్ టోర్నీలు మొదలుపెట్టి పదేళ్లు ఆడాను. సింగిల్స్‌లో నా ర్యాంకు ఎప్పుడూ 700 లోపలికి రాలేదు. భుజం నొప్పి తగ్గక పోయిన ఏడాది ఆపేశాను. ఇప్పుడు సుబేదారిలో పిల్లలకు నేర్పిస్తున్నా. మొన్న సద్దుల బతుకమ్మకు వేయిస్తంభాల గుడి దగ్గర మా మేనత్త అందరి ముందు “సానియా లెక్క ఎందుకు కాలేదే, అన్ని పైసలు పోసి ఏం సాధించినవ్?” అంది. నా ఆట కోసం నాన్న ప్లాటు అమ్మారు. ఆయన ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ. నా పదేళ్లు వేస్టేనా?

జవాబు: చెల్లీ, వేస్టు కాదు. నేనూ ఆడి ఆపేసినదాన్నే, నా ర్యాంకు నీకన్నా కింద. కాబట్టి ఓదార్పు కోసం చెప్తున్నా అనుకోకు, ముందు లెక్క చూద్దాం, మీ మేనత్తకు తెలియనిది అదే.

మహిళల టెన్నిస్‌లో కంప్యూటర్ ర్యాంకులు 1975లో మొదలయ్యాయి. ఇన్నేళ్లలో మన దేశం నుంచి సింగిల్స్‌లో తొలి వందలోకి వెళ్లింది సానియా మీర్జా ఒక్కతే, 2007లో 27వ ర్యాంకు దాకా. నిరుపమా వైద్యనాథన్ బెస్ట్ 134. ఆ ర్యాంకుల్లో ఉంటూనే ఆమె 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇటలీ అమ్మాయి గ్లోరియా పిజ్జికినిని ఓడించి, ఓపెన్ శకంలో (అంటే 1968లో ప్రొఫెషనల్స్‌ను కూడా ఆడనిచ్చినప్పటి నుంచి) గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో, అంటే అర్హత పోటీల తర్వాత జరిగే అసలు పోటీలో, మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. 2018 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన అంకితా రైనా బెస్ట్ 160. అంటే మీ మేనత్త నిన్ను పోల్చింది యాభై ఏళ్లలో ఒక్కరే చేసిన పనితో.

ఇక కింద ఉన్నవాళ్లం పైకి ఎలా వెళ్లాలి? ఇప్పటి పద్ధతిలో అన్నిటికన్నా చిన్నదైన 15 వేల డాలర్ల టోర్నీ గెలిస్తే వచ్చేది 15 పాయింట్లు. మెయిన్ డ్రాలో 32 మంది ఉంటారు, వరసగా ఐదు మ్యాచ్‌లు గెలవాలి. ర్యాంకుకు లెక్కపెట్టేది ఏడాదిలో బెస్ట్ 18 టోర్నీలు. పద్దెనిమిదీ గెలిచావనుకో, 270 పాయింట్లు, దాంతో తొలి 200లోకి కూడా రాలేవు! పెద్ద టోర్నీలకు వెళ్లాల్సిందే, వెళ్లాలంటే వీసాలు, టికెట్లు, హోటళ్లు, గట్టింగ్ (రాకెట్‌కు తీగలు కట్టించే) ఖర్చు, వెంట కోచ్ వస్తే ఆయన ఖర్చూ మనదే. ఇంతా చేసి 15 వేల డాలర్ల టోర్నీలో కప్పు కొట్టినా చేతికొచ్చేది రెండు వేల డాలర్ల పైచిలుకు, మొదటి రౌండ్‌లో ఓడితే రెండు వందల డాలర్లు కూడా రావు. పైగా నొప్పి వచ్చి ఆడకపోతే ఏడాది తిరిగేసరికి పాత పాయింట్లు పోతాయి, ర్యాంకు జారిపోతుంది. ఇంట్లో డబ్బు అయిపోవడంతో ఆట ఆగినవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో ఫోర్‌హ్యాండ్ బాగాలేనివాళ్లు తక్కువ.

ఒక టోర్నీలో నాతో రూమ్ అద్దె సగం సగం పంచుకున్న అమ్మాయితోనే మర్నాడు నాకు మొదటి రౌండ్ పడింది. ఇద్దరం ఒకే ఆటోలో కోర్టుకు వెళ్లాం, ఆమె గెలిచింది. సాయంత్రం అదే గదిలో నా మోకాలికి ఐస్ పెట్టింది కూడా ఆమే. ఇలాంటివి నీకూ బోలెడు ఉంటాయి, అవేవీ ర్యాంకు లిస్టులో ఎక్కవు.

నీ దగ్గర నేర్చుకుంటున్న పిల్లల అదృష్టం చూడు. క్వాలిఫైయింగ్‌లో (అర్హత పోటీల్లో) ఓడి రైలెక్కి, నాలుగు రోజుల తర్వాత ఇంకో ఊళ్లో మళ్లీ కోర్టులోకి దిగడం ఎలాగో తెలిసిన కోచ్ వరంగల్‌లో ఎంతమందికి దొరుకుతారు? పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది, వీలైతే చెయ్యి. అప్పుడు నీ ఆటకు తోడు చేతిలో ఒక కాగితం కూడా ఉంటుంది. రెజ్యూమెలో ఆ పదేళ్లను ఒక్క లైన్లో తేల్చెయ్యకు. ఆడిన దేశాలు, గెలిచిన మ్యాచ్‌లు, నీ బెస్ట్ ర్యాంకు అన్నీ రాయి, సిగ్గుపడాల్సిన అంకె ఏదీ అందులో లేదు.

ఇక నాన్న సంగతి. ఆయన మౌనానికి నువ్వే అర్థం చెప్పుకుని నువ్వే బాధపడుతున్నావు. ఒకరోజు చాయ్ తాగేటప్పుడు “నాన్నా, ప్లాటు అమ్మినందుకు బాధగా ఉందా?” అని నేరుగా అడుగు. ఆయన ఏమంటారో నేను చెప్పలేను, కానీ అడిగితేనే తెలుస్తుంది కదా. ఏమన్నారో నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు, టెన్నిస్ బాగా ఆడుతుంది. బడి మాన్పించి హైదరాబాద్ అకాడమీలో వేయమంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: బడి మాన్పించకండి. 14 నిండేదాకా ప్రొఫెషనల్ టోర్నీలు ఆడనివ్వరు, ఆ తర్వాత కూడా 18 వచ్చేవరకు ఏడాదికి ఇన్నే అని పరిమితి ఉంది, కాబట్టి ఇప్పుడు టెన్షన్ పడి పరిగెత్తాల్సిన పని లేదు. ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-14, అండర్-16 టోర్నీలు ఆడిస్తూ ఉండండి. బాగా ఆడేవాళ్లకు అమెరికా యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ ఇస్తాయి, కానీ మార్కులు కూడా చూస్తాయి. ముందు మీరూ పాప వాళ్లమ్మా కూర్చుని ఏడాదికి ఎంత పెట్టగలరో, ఎన్నేళ్లు పెట్టగలరో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పాపకు కూడా చూపించండి.