పసుపు తగ్గితే హార్మోన్ ఉన్నట్టేనా?

చిరంజీవి లావణ్యకు,

బాబాయి ఆశీస్సులు. మూసీ నీళ్ళలో ఎస్ట్రడయాల్ అనే స్త్రీ హార్మోన్‌ని ఎలైజాతో (యాంటీబాడీ, ఎంజైమ్ వాడే రంగు పరీక్షతో) కొలవబోతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. గుబులుగానూ ఉంది.

ముందు ఒంటి సంగతి. అది మురుగమ్మా. హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ టీకాలు పడ్డాకే వెళ్ళు. నదిలో దిగొద్దు; వంతెన మీంచి తాడుతో స్టీలు బకెట్ దించు. ఒంటరిగా పోయావని తెలిస్తే ఊరుకోను.

మెథనాల్‌తో కడిగిన ముదురు రంగు గాజు సీసాలే వాడు. ఐసులో తెచ్చి, అదే రోజు 0.7 మైక్రాన్ల గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లో వడకట్టు. నీళ్ళలోంచి హార్మోన్‌ని పట్టి ఉంచే సి-18 కార్ట్రిడ్జిలోంచి 5 మి.లీ. మెథనాల్, ఆపైన 5 మి.లీ. శుద్ధజలం పంపి, అది ఆరకముందే 1 లీటరు నమూనా ఎక్కించు. నిమిషానికి 5 మి.లీ. చాలు. మూడు గంటలు దాటుతుంది, దాటనీ. పంపుతో గట్టిగా గుంజితే హార్మోన్ పట్టుబడకుండా జారిపోతుంది. మెథనాల్‌తో దించి, నైట్రోజన్ కింద ఆరబెట్టు. మిగిలినదాన్ని ముందు 0.1 మి.లీ. మెథనాల్‌లో కరిగించి, తర్వాత 0.9 మి.లీ. నీళ్ళు కలుపు. నేరుగా నీళ్ళు పోస్తే స్టెరాయిడ్ గాజుకే అంటుకుని ఉండిపోతుంది. ఇప్పుడు నమూనా వెయ్యి రెట్లు చిక్కబడింది: కిట్ లీటరుకు 500 నానోగ్రాములంటే నదిలో ఉన్నది 0.5.

నా భయమంతా ఇక్కడే. ఇది పోటీ పద్ధతి. నమూనాలో హార్మోన్ ఎంత ఎక్కువుంటే కిట్‌లోని, ఎంజైమ్ తగిలించిన హార్మోన్‌కి యాంటీబాడీ దగ్గర అంత తక్కువ చోటు. ఆఖరున ఆ ఎంజైమ్ పుట్టించే పసుపు రంగు అంత తక్కువ. కానీ రంగును తగ్గించే ప్రతిదీ హార్మోన్‌లాగే కనిపిస్తుంది! 1960లలో, రేడియోధార్మిక ఐసోటోపుతో కొలిచే రేడియో ఇమ్యునోఅస్సే నడిచిన రోజుల నుంచీ, సూక్ష్మజీవులు పెరగకుండా బఫర్లలో సోడియం అజైడ్ కలపడం అలవాటు. ఐసోటోపుకి దానితో పనిలేదు. 1971లో ఎలైజా వచ్చి, కొలిచే పని పెరాక్సిడేజ్ ఎంజైమ్ చేతికొచ్చాక అదే అజైడ్ విషమైంది, ఎంజైమ్‌ని ఆపేస్తుంది. నమూనా చెడిపోకుండా అజైడ్ వేసి, ఆ నీటినే కిట్ బావుల ప్లేటులో పోస్తే లేని హార్మోన్ దొరుకుతుంది. శుద్ధి కేంద్రం నీళ్ళలో మిగిలిన క్లోరిన్ ఎంజైమ్‌నీ పాడుచేస్తుంది, ఎస్ట్రడయాల్‌నీ తినేస్తుంది. సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వెయ్యి.

వీటన్నిటికంటే మాయలాడి హ్యూమిక్ ఆమ్లం. ఆకులు కుళ్ళిన గోధుమ రంగు పదార్థం. కార్ట్రిడ్జి హార్మోన్‌తోపాటు దాన్నీ చిక్కబరుస్తుంది, అది యాంటీబాడీకి అడ్డం పడుతుంది. దించిన ద్రవం టీ రంగులో ఉంటే ఆ సంఖ్యని నమ్మకు. 2, 4, 8 రెట్లు పలుచన చేసి, మళ్ళీ గుణించి చూడు. నిజమైన హార్మోనైతే మూడూ దాదాపు ఒకటే వస్తాయి. పలుచన చేసేకొద్దీ పడిపోతుంటే అది అడ్డంకి. శుద్ధజలాన్ని మొదటినుంచీ ఇదే దారిలో నడిపిన బ్లాంక్ ప్రతి విడతలో ఉండాలి. వడకట్టిన ఒక నమూనాకి తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగొచ్చిందో కూడా చూడు, దారిలో పోగొట్టుకున్నది తెలుస్తుంది.

కిట్‌ని గది వేడికి రానిచ్చాకే మొదలెట్టు. చల్లటి ప్లేటులో అంచు బావులు వేరే కథ చెబుతాయి. ప్రతి నమూనా మూడు బావుల్లో. తెలిసిన మోతాదులతో గీసిన వక్రరేఖలో, హార్మోన్ లేని బావి రంగులో 20–80 శాతం మధ్య పడ్డవే లెక్కకు తీసుకో. యాంటీబాడీ ఎస్ట్రోన్ అనే దగ్గరి చుట్టం హార్మోన్‌ని కూడా కొంత పట్టుకోవచ్చు, ఆ శాతం కిట్ కరపత్రంలో ఉంటుంది. అందుకే నివేదికలో ‘ఎస్ట్రడయాల్’ అని కాక ‘ఎస్ట్రడయాల్ సమానం’ అని రాయి. ఎక్కువొచ్చిన నాలుగైదు నమూనాలు ఎల్‌సీ-ఎంఎస్‌లో (అణువుల్ని వేరుచేసి బరువును బట్టి గుర్తుపట్టే యంత్రంలో) సరిచూడకుండా ఎవరికీ, ముఖ్యంగా పేపరు వాళ్ళకి, చెప్పకు. తప్పు సంఖ్య అచ్చయితే వెనక్కి తీసుకోవడం నీ తరం కాదు తల్లీ.

కిట్లన్నీ ఒకే లాట్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి, తెప్పించు. మొదటి ప్లేటు అయ్యాక నాకు లెక్కకట్టిన సంఖ్యలు కాదు, 450 నానోమీటర్ల దగ్గర తీసిన రీడింగులు ఉన్నవున్నట్టు పంపు. బ్లాంక్‌వి కూడా.

నీ బాబాయి