వాగు పక్క చెట్లలో కయోటీలు, ఇటు ఖాళీ పొలం: ఎక్కడ కాపు కాయాలి?

ప్రశ్న: టెక్సస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన మాకు 25 ఎకరాలుంది. సగం గడ్డి పొలం, సగం వాగు వెంబడి చెట్లు, తుప్పలు. సరదాకి కొన్ని బోయర్ మేకలు పెంచుతున్నాం. ఈ వసంతంలో పిల్లలు వరసగా పోతున్నాయి, రాత్రిళ్లు కయోటీల (తోడేలు కన్నా చిన్నగా ఉండే, కుక్క జాతి అడవి జంతువులు) అరుపులు వినిపిస్తున్నాయి. పక్క రాంచ్ ఆయన రైఫిల్‌తో వచ్చి పొలంలో కూర్చుంటే దూరం నుంచే చూసి పారిపోయాయి, చెట్లలో కూర్చుంటే అసలు కనపడలేదు. నేనే తుపాకీ కొనుక్కుంటే మేలా? హెచ్1బీ మీద ఉన్నాను.

జవాబు: అరుపులు వినపడినంత మాత్రాన చంపింది కయోటీయే అనుకోకండి. ఈసారి పిల్ల చనిపోతే పూడ్చే ముందు మెడ దగ్గర తోలు ఒలిచి చూడండి. దవడ కింద, గొంతు చుట్టూ కోరల గుంటలుండి లోపల కండలో రక్తం గడ్డకట్టి ఉంటే బతికుండగానే పట్టిందన్న మాట, అది కయోటీ పద్ధతి. మరీ చిన్న పిల్లలనైతే తలమీదో వీపుమీదో పడుతుంది, ఒక్కోసారి మొత్తంగా ఎత్తుకుపోతుంది. రక్తం గడ్డ లేకపోతే వేరే కారణంతో చచ్చినదాన్ని తర్వాత తిన్నట్టు. వెనక కాళ్లు, డొక్కలు, చెవులు అడ్డదిడ్డంగా చీల్చి, తినకుండా వదిలేసి, నాలుగైదింటికి గాయాలు చేసి పోయిందంటే అది ఎవరో పెంచుకునే కుక్క పని. కళ్లు, నాలుక, బొడ్డు పొడిచి ఉంటే నల్ల రాబందులు, వాటి జోలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు.

కయోటీయే అని తేలితే అప్పుడు వేట సంగతి. బయలు పొలంలో మన ఇబ్బంది దాని కళ్లతో. పొలం మధ్యగా నడుచుకుంటూ వెళ్లి కూర్చున్నా, ట్రక్కు కనిపించేలా ఆపినా అక్కడితో సరి. అందుకే బయలు నేలలో వేటగాళ్లు బండిని పల్లంలో దాచి, గట్టు చాటున వచ్చి, గడ్డి చుట్ట నీడలో వీపు ఆనించి కూర్చుంటారు, కుందేలు ఏడుపు వినిపించే యంత్రాన్ని (కాలర్) కాస్త దూరంగా పెట్టి 200 గజాల దాకా రైఫిల్‌తో కొడతారు. చెట్లలో అది మనల్ని చూసేది తక్కువ, వాసన పట్టేదే ఎక్కువ. శబ్దం విన్న కయోటీ నేరుగా రాదు, మన మీదుగా గాలి వీచే వైపుకు చుట్టు తిరిగి వచ్చి ముక్కుతో ఖాయం చేసుకుంటుంది, తుప్పల్లో ఆ తిరుగుడు మీకు కనపడనే కనపడదు. కనపడ్డా 30, 40 గజాల్లో, రెండు మూడు క్షణాలే, కాబట్టి అక్కడ షాట్‌గన్ (ఒకేసారి ఎన్నో చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ) నయం. ఆకుల్లో శబ్దం ఎక్కువ దూరం పోదు గనక చోట్లు దగ్గర దగ్గరగా మార్చాలి, బయలులో అయితే మైలు ఎడం ఉండాలి.

మీ నేల కొలతలు చూస్తే రైఫిల్ మాట నాకు అసలు నచ్చలేదు. 25 ఎకరాలు చదరంగా ఉన్నా ఒక వైపు 350 గజాలు, అందులో పొలం సగమే. తూటా రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. వేటాడేటప్పుడు రాతపూర్వక ఒప్పందం లేకుండా అది హద్దు దాటి పక్కవాళ్ల నేలలో పడితే టెక్సస్‌లో నేరం. మీకు పనికొచ్చేది చెట్లూ పొలమూ కలిసే అంచు. గాలి చెట్ల వైపు నుంచి పొలంలోకి వీచే రోజు ఎంచుకుని, అంచు నీడలో కూర్చుంటే, వాసన కోసం చుట్టు తిరగాలనుకున్న కయోటీ తప్పనిసరిగా బయలులోకి రావాలి. మీ వైపు వసంతంలో ఎక్కువగా దక్షిణపు గాలే. వాగు పొలానికి దక్షిణాన ఉంటే చాలా రోజులు వీలే, ఉత్తరాన ఉంటే ఉత్తరపు చలిగాలి (కోల్డ్ ఫ్రంట్) వచ్చే దాకా ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో అవి పిల్లలు పెడతాయి, ఆ తర్వాత కొన్ని నెలలు కుందేలు ఏడుపు కన్నా కూన ఏడుపుకే పెద్దవి పరుగున వస్తాయి. కనపడ్డవాటన్నిటినీ కాల్చుకుంటూ పోతే లాభం తక్కువ. 1990ల్లో కాలిఫోర్నియాలోని హాప్లండ్ పరిశోధన కేంద్రంలో గమనించింది ఏమిటంటే, గొర్రెలను చంపేది ఎక్కువగా ఆ చుట్టుపక్కల స్థిరపడి పిల్లలు పెట్టిన జంటలే. మీరు చూడాల్సింది ఆ జంటనే.

తుపాకీ సంగతి జాగ్రత్త. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టంలో నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మేకల మీద పడే కయోటీని కొట్టడానికి భూమి యజమానికి లైసెన్స్ అక్కర్లేదని పక్కవాళ్లు చెబుతారు, టెక్సస్ వరకు అది నిజమే, కానీ ఆ మాట నమ్మి లైసెన్స్ లేకుండా తుపాకీ పట్టుకుంటే వీసాకే ఎసరు. లాయర్‌ను అడిగాకే కొనండి, లేదా ఆ పని పక్క రాంచ్ ఆయనకే వదిలేయండి. కళేబరంలో విషం పెట్టే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, గద్ద చచ్చినా, పక్కింటి కుక్క చచ్చినా కేసు మీమీదే.

ఈలోపు రాత్రిళ్లు మేకలను కొట్టంలోకి తోలండి, ఈనేవాటిని బయట ఉంచకండి, చచ్చినవాటిని అదే రోజు తీసేయండి. కంచె కింద సందులు వెతకండి, కయోటీ దూకడం కన్నా దూరడానికే చూస్తుంది, నేలకు కొన్ని అంగుళాల ఎత్తులో ఒక కరెంటు తీగ బయటి వైపు లాగితే చాలావరకు ఆగుతుంది. మందను కాపలా కాసే కుక్కలు, గ్రేట్ పిరనీస్ గానీ అనటోలియన్ గానీ కొంటే ఇంట్లో ముద్దు చేయకుండా చిన్నప్పటి నుంచి మేకల మధ్యే పెంచాలి. కుక్క వద్దనుకుంటే కాపలాకు గాడిదను పెట్టొచ్చు. ఆడదాన్నో, విత్తులు కొట్టించిన మగదాన్నో, ఒక్కదాన్నే పెట్టండి. రెండుంటే వాటి లోకం వాటిదే, మేకలను పట్టించుకోవు.