టెక్ సందేహాలు: అందరికంటే ముందు దూకినవాళ్ల గొంతులు, ఫొటోలు, పేర్లు

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి ఆమధ్య రాసినందుకేమో, ఈసారి సైన్యంలో పనిచేసినవాళ్ల ఇళ్ల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో పారాచూట్ దళాల పాత్‌ఫైండర్ల ప్రస్తావన ఉన్నవాటిని ఏరి ఇక్కడ పెడుతున్నాను. తెలియనివారికి ఒక్క ముక్క: పెద్ద దళం ఆకాశం నుంచి దిగడానికి అరగంట, గంట ముందు ఓ చిన్న జట్టు శత్రువున్న నేల మీదకు దూకేది. వెనక వచ్చే విమానాల కోసం దీపాలు వెలిగించి, రేడియో బీకన్ (దారి చూపే రేడియో సంకేతం ఇచ్చే పరికరం) పెట్టడం వాళ్ల పని. ఫోన్ వేడెక్కుతోంది, వైఫై అందట్లేదు అన్నవాళ్లు వచ్చేవారం దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేం అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాం. మా పక్కింటావిడ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో పాత్‌ఫైండరట. చాలా ఏళ్ల కిందట ఆయన చెబుతుండగా రికార్డు చేసిన క్యాసెట్లున్నాయి. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్నని తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొననా?

వద్దండీ. వాటిలో మోటారు నిలకడగా తిరగదు. పెద్దాయన గొంతు ఊగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఎవరింట్లోనైనా పాత మంచి క్యాసెట్ డెక్ ఉందేమో అడిగి తెచ్చుకోండి. టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటిని ముందే విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. ఇంకొకటి. క్యాసెట్ కిందివైపు టేపు వెనకాల బియ్యపుగింజంత ఫెల్ట్ ముక్క ఒకటి అతికించి ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి జిగురు ఎండి అది ఊడిపోతుంది. మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తే టేపు పాడైందని బెంగపడకండి, ముందు ఆ ముక్క ఉందో లేదో చూడండి. లేకపోతే టేపును ఇంకో క్యాసెట్ డొప్పలోకి మార్చుకోవచ్చు.

రికార్డింగ్‌కు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది. హిస్స్ (టేపు బుస) తగ్గించడం లాంటి సింగారాలన్నీ కాపీ మీదే చేయండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు.

మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి విస్పర్ అనే ఏఐ టూల్ వాడతారని ఊహిస్తున్నాను. వాడండి, కానీ దానికో జబ్బుంది. మనిషి మాట్లాడకుండా ఆగినచోట అది ఊరుకోదు, ఎవరూ అనని వాక్యాన్ని అల్లి పెడుతుంది. పెద్దవాళ్ల కథనాల్లో అలాంటి విరామాలే ఎక్కువ. ఫ్రెంచి ఊళ్ల పేర్లను అమెరికన్ యాసలో పలికితే ఇక చెప్పక్కర్లేదు, సాంట్ మేర్ ఎగ్లీజ్ ఏమై తేలుతుందో మీరే చూస్తారు. అందుకని ఆ పక్కింటావిడను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. తండ్రి ముద్దుపేరుతో పిలిచే స్నేహితుడెవరో, ఎవరు బతికి వచ్చారో, ఎవరు రాలేదో ఆవిడకే తెలుస్తుంది. ఆ పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, పక్కన నిమిషం, సెకను వేయండి. నన్నడిగితే ఆ టెక్స్ట్ ఫైలు లేని డిజిటైజేషన్ సగం పనే.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనం తగలబడింది. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య అమెరికా ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ల వ్యక్తిగత ఫైళ్లలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. ఆయన సర్వీసు ఫైలు కూడా వాటిలో పోయి ఉంటే కంపెనీలు రోజూ రాసిన మార్నింగ్ రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, ఈ గొంతు, అంతే మిగిలేది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000లో మొదలుపెట్టిన వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు ఇలాంటి రికార్డింగులు తీసుకుంటుంది. కనీసం 30 నిమిషాలుండాలి, ఎడిట్ చేసి ఉండకూడదు. ఇవ్వాలో వద్దో ఆవిడ ఇష్టం, సంతకం ఆవిడది. మీరు సాయం మాత్రమే.

ప్రశ్న: విజయవాడలో ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాను. జీపీఎస్ లేని రోజుల్లో చీకట్లో పారాచూట్ దళాన్ని సరిగ్గా దింపేచోటు విమానానికి ఎలా తెలిసేది? మినీ ప్రాజెక్టుగా చేయొచ్చా సర్?

భేషుగ్గా చేయొచ్చు. ఆ జంట పరికరాల పేర్లు రెబెకా, యురేకా. విమానంలో ఉండే రెబెకా ఒక రేడియో పల్స్ పంపి అడుగుతుంది. నేల మీద పాత్‌ఫైండర్ నిలబెట్టిన యురేకా అది విని, వేరే ఫ్రీక్వెన్సీలో బదులిస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క. కిలోమీటరు దూరానికి 6.7 మైక్రోసెకన్లు. విమానానికి అటొకటి ఇటొకటి యాంటెన్నాలుంటాయి, ఏ వైపు బదులు గట్టిగా అందితే తెరమీద ఆ వైపు గీత పెరుగుతుంది. దాన్ని చూస్తూ నావిగేటర్ కుడికో ఎడమకో చెబుతాడు. అడిగేదాకా యురేకా నోరు మెదపదు కాబట్టి శత్రువు పసిగట్టడం కష్టం. పట్టుబడేలా ఉంటే పేల్చేయడానికి లోపల మందు కూడా పెట్టి ఉంచారు.

దీని రూపకల్పనలో ముఖ్యుడు రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్. ఈయన పుట్టింది ఎక్కడనుకున్నారు? 1916లో నీలగిరుల్లోని అరువంకాడులో. ఊటీ బొమ్మ రైలు ఆగే ఊరు, కార్డైట్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. యుద్ధం అయ్యాక రేడియో ఖగోళశాస్త్రంలోకి వెళ్లి అక్కడా పేరు తెచ్చుకున్నాడు.

వైవాలో మార్కులు కావాలంటే ఇది ఎక్కడ తడబడిందో కూడా చెప్పు. ఒకేసారి చాలా విమానాలు అడిగితే యురేకా ఉక్కిరిబిక్కిరైపోతుంది. అందుకే నార్మండీలో వరసకు ముందుండే విమానాలే రెబెకా వాడాలని ఆజ్ఞ. అయినా 1944 జూన్ 6 అర్ధరాత్రి దాటాక మబ్బులు, కింది నుంచి కాల్పులు కలిసి పాత్‌ఫైండర్ల విమానాలనే చెదరగొట్టాయి. అమెరికన్ల ఆరు డ్రాప్ జోన్లలో (దళాలు దిగాల్సిన చోట్లలో) ‘ఓ’ ఒక్కదానికే గుర్తులు సవ్యంగా పడ్డాయి. అక్కడ దిగిన 505వ రెజిమెంటే ఆ రాత్రి మిగతావాటికంటే కచ్చితంగా దిగింది. బ్రిటిష్ వైపు ఇంకో చిత్రం. ‘కె’ జోన్ కోసం వచ్చిన జట్టు తెలియక ‘ఎన్’ జోన్‌లో దిగి, అక్కడే తమ దీపాలు, బీకన్ పెట్టేసింది. బీకన్ బ్రహ్మాండంగా పలికింది, విమానాలు దాన్ని నమ్మి వచ్చాయి, సైనికులు వేరే చోట దిగారు. అదే ఏడాది డిసెంబరు 23న బెల్జియంలోని బాస్టోన్‌లో మాత్రం ఈ పద్ధతి ప్రాణం పోసింది. జర్మన్లు చుట్టుముట్టిన ఊళ్లోకి రెండు విమానాల నుంచి పాత్‌ఫైండర్లు దూకి బీకన్లు పెట్టారు. సాయంత్రంలోగా 241 విమానాలు మందుగుండు, సామగ్రి జారవిడిచాయి.

ప్రాజెక్టుకు పాత ఫ్రీక్వెన్సీల జోలికి పోవద్దు, లైసెన్సు లేకుండా వాటిలో ప్రసారం చేస్తే చిక్కుల్లో పడతావు. రెండు అల్ట్రా వైడ్‌బ్యాండ్ మాడ్యూళ్లు గానీ, వైఫై ఎఫ్‌టీఎం (సంకేతం పోయి వచ్చే కాలాన్ని బట్టి దూరం కొలిచే పద్ధతి) ఉన్న రెండు ఈఎస్‌పీ32 ఎస్3 బోర్డులు గానీ తీసుకో. ఒకటి అడగాలి, ఇంకోటి చెప్పాలి. ఇవాళ్టికీ విమానాశ్రయాల్లో డీఎంఈ (విమానానికి దూరం చెప్పే పరికరం) పనిచేసేది ఇదే సూత్రం మీద. ఒక తేడా గుర్తుంచుకో: డీఎంఈ బీకన్ బదులిచ్చే ముందు కావాలనే 50 మైక్రోసెకన్లు ఆగుతుంది. ఎగ్జామినర్ కచ్చితంగా అడిగే ప్రశ్న ఇది.

ప్రశ్న: మా నాన్నగారు పారా రెజిమెంట్‌లో చేసి రిటైరయ్యారు. 1971 యుద్ధంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్‌లో దూకారు. ఆకాశం నిండా పారాచూట్లున్న ఫొటో ఒకటి ‘టాంగైల్’ అని వాట్సప్‌లో తిరుగుతోంది. నిజమైనదేనా అని తెలుసుకునే యాప్ ఉందా? (కరీంనగర్ నుంచి ఓ పాఠకురాలు)

యాప్ కంటే మీ నాన్నగారే నయమమ్మా. 1971 డిసెంబరు 11 సాయంత్రం లెఫ్టినెంట్ కర్నల్ కె.ఎస్.పన్నూ నాయకత్వంలో 2 పారా బెటాలియన్ గ్రూపు టాంగైల్ దగ్గర దిగి పూంగ్లీ వంతెన పట్టుకుంది. అంతకుముందే కెప్టెన్ పి.కె.ఘోష్‌ను రహస్యంగా ఆ ప్రాంతానికి పంపారు, బంగ్లాదేశ్ విమోచన పోరాట నాయకుడు కాదర్ సిద్దిఖీ దళంతో కలిసి దిగే చోటు చూసి పెట్టడానికి. అంటే అక్కడ దారి చూపే పని నేల మీద నడిచి వెళ్లి చేశారన్నమాట.

ఇక ఫొటో. ఆనాడు పత్రికలకు అందిన ప్రసిద్ధ చిత్రం టాంగైల్‌ది కాదు. ఆగ్రాలో అంతకుముందు పారా బ్రిగేడ్ చేసిన విన్యాసాల్లో తీసింది. సైన్యం ప్రజాసంబంధాలు చూసిన ఐ.రామ్మోహన్‌రావు దాన్ని పాత ఫొటో అని రాయకుండానే విడుదల చేశారు. దిగింది ఒక బెటాలియన్, చూసినవాళ్లకు అనిపించింది బ్రిగేడ్, అంటే కొన్ని బెటాలియన్లు. మీకొచ్చింది అదో కాదో చూడకుండా చెప్పలేను. గూగుల్ లెన్స్‌లో వెతికితే ‘టాంగైల్’ అనే పేరుతోనే బోలెడు పేజీలు వస్తాయి. వాటి లెక్క చూసి నమ్మొద్దు, అన్నీ ఒకదాన్నుంచి ఒకటి ఎత్తిరాసినవే కావచ్చు. అన్నిటికంటే పాత ముద్రణ ఎక్కడుంది, దాని కింద ఏం రాశారు, అది చూడాలి.

అసలు పని వేరే ఉంది. 1971లో 22 ఏళ్ల జవానుకు ఇప్పుడు 75 దాటాయి. ఈ ఆదివారమే కూర్చోండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఆయనకు దగ్గరగా ఉంచండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. వంటింట్లో కుక్కర్ పెట్టకండి, కీలకమైన మాట దగ్గరే అది కూస్తుంది. ‘అప్పుడు ఎలా అనిపించింది నాన్నా’ అంటే ‘ఏముందమ్మా, దూకాం’ అని ఊరుకుంటారు. ఆల్బమ్ తెరిచి ఒక్కో ఫొటో చూపిస్తూ ‘ఈ పక్కనున్నదెవరు? విమానంలో మీ ముందెవరు, వెనకెవరు?’ అనడగండి. దూకే వరస జన్మలో మరిచిపోరు. హిందీ, తెలుగు కలిపి మాట్లాడతారు కాబట్టి ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ గందరగోళం చేస్తుంది. పేర్లు మాత్రం చేత్తో రాసుకోండి.

జిగురు పేజీల ఆల్బమ్ అయితే ఫొటోలు పీకొద్దు. పళ్లు శుభ్రం చేసే ఫ్లాస్ దారాన్ని కిందుగా పోనిచ్చి నెమ్మదిగా లాగండి. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి, 600 డీపీఐ. వెనక రాత ఉంటే అదీ స్కాన్ చేయాలి. వాట్సప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు కుదించేస్తుంది, తేదీ వివరాలూ పోతాయి.

ప్రశ్న: నలుగురు బ్రిటిష్ పాత్‌ఫైండర్ ఆఫీసర్లు విమానం పక్కన గడియారాలు సరిచూసుకుంటున్న నలుపు తెలుపు ఫొటోకు ఏఐతో రంగులద్ది, మాట్లాడిస్తూ రీల్ చేద్దామనుకుంటున్నాను. ఏ టూల్ మంచిది?

అది 1944 జూన్ 5 రాత్రి హార్వెల్‌లో తీసింది. 22వ ఇండిపెండెంట్ పారాచూట్ కంపెనీ వాళ్లు. ఆ నలుగురిలో బాబీ డి లాటూర్ అదే నెలలో చనిపోయాడు. రంగులద్దుకోండి, అది ఏఐ రంగు అని బొమ్మ మీదే రాయండి. వాళ్లు తొడుక్కున్న డెనిసన్ స్మాక్ (పారాచూట్ సైనికుల పైచొక్కా) మీద ఆకుపచ్చ, గోధుమ చారలుంటాయి, టూల్ వదిలేస్తే మొత్తం ఒకటే మట్టిరంగు పూస్తుంది. మాట్లాడించడానికి మాత్రం నేను టూల్ చెప్పను. వాళ్లు అనని మాట వాళ్ల నోట్లో పెట్టడానికి మనమెవరం?

ప్రశ్న: మా తాతగారి అన్న 1944లో మణిపూర్ వైపు పారాచూట్ బ్రిగేడ్‌తో పోయి తిరిగి రాలేదని ఇంట్లో అంటారు. మాది కాకినాడ. ఆన్‌లైన్‌లో పేరు దొరకట్లేదు.

50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ ఆ మార్చిలో సాంగ్‌షాక్ దగ్గర పారాచూట్లు లేకుండా, కాల్బలంగా పోరాడి జపాన్ సేనను రోజుల తరబడి నిలిపింది. మన దేశంలో మొదట పారాచూట్‌తో దూకిన భారతీయుల్లో ఒకరైన డాక్టర్ ఎ.జి.రంగరాజ్ కూడా అక్కడున్నారు. ఆ బ్రిగేడ్ గూర్ఖాలే తర్వాత 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో దిగారు, ముందుగా పాత్‌ఫైండర్లను దింపి మరీ.

యుద్ధాల్లో చనిపోయినవాళ్ల వివరాలుండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో వెతకండి. అక్కడ ఇంటిపేరు పెట్టెలో మన ఇంటిపేరు వేస్తే చాలాసార్లు ఫలితం సున్నా. గుమాస్తా వ్యక్తి పేరునే ఆ గడిలో రాసి ఉండొచ్చు. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే ఇచ్చి, దేశం, ఏడాది, రెజిమెంట్ ఫిల్టర్లు పెట్టండి. అదనపు సమాచారంలో తండ్రి పేరు, ఊరు తరచూ ఉంటాయి, కానీ కాకినాడ అని ఉండదు, ఇంగ్లిష్‌వాళ్లు రాసే ‘కొకనాడ’ (Cocanada) అని ఉంటుంది. అలాగే విజయవాడకు బెజవాడ (Bezwada), ఏలూరుకు ఎల్లోర్ (Ellore), విశాఖపట్నానికి విజగపటం (Vizagapatam). ఇంఫాల్ క్రిమేషన్ మెమోరియల్, మయన్మార్‌లో టౌక్‌క్యాన్‌లోని రంగూన్ మెమోరియల్, ఈ రెండు జాబితాలూ చూడండి. మన పేర్లకే ఈ తిప్పలు అనుకోకండి. 1944లో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌లో ముందుగా దిగిన బ్రిటిష్ పాత్‌ఫైండర్ల 21వ ఇండిపెండెంట్ కంపెనీలో జర్మనీ, ఆస్ట్రియాల నుంచి పారిపోయి వచ్చిన యూదు యువకులున్నారు. పట్టుబడితే చంపేస్తారని ఇంగ్లిష్ పేర్లు పెట్టుకున్నారు. వాళ్ల చుట్టాలు అసలు పేరుతో వెతికితే దొరికేవాళ్లు కాదు.

ప్రశ్న: ఇవన్నీ దాచడానికి పెన్‌డ్రైవ్ చాలా?

చాలదు. వాడకుండా డ్రాయర్లో పడేసిన పెన్‌డ్రైవ్ కొన్నేళ్లకు చెప్పాపెట్టకుండా చచ్చిపోతుంది. రెండు హార్డ్ డిస్కులు తీసుకోండి, రెండోది అన్నయ్య ఇంట్లోనో అక్కయ్య ఇంట్లోనో పెట్టండి. క్లౌడ్‌లో మూడో కాపీ. ఏడాదికోసారి, పండక్కి అందరూ కలిసినప్పుడు, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. క్లౌడ్ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.