కార్డు పోయినా కంగారు లేదు, ఫోను నంబరు జాగ్రత్త

ప్రశ్న: డెబ్భై రెండేళ్ల మా అమ్మగారికి ఇటీవల ఆయుష్మాన్ కార్డు చేయించాము. తర్వాత కంటి పరీక్షకని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే, కౌంటరులో ఆధార్ నంబరు అడిగి, ఓటీపీ చెప్పించుకుని, పద్నాలుగు అంకెలున్న ఆభా కార్డు అచ్చు తీసి ఇచ్చారు. ఎందుకని అడిగితే ‘ఇప్పుడు అందరికీ తప్పనిసరండీ’ అన్నారు. అమ్మ కొన్నేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. ఆ సంగతి బంధువులకు కూడా తెలియదు. ఇకపై ఏ ఆసుపత్రివారైనా, బీమా కంపెనీవారైనా ఆ నంబరు కొట్టి అన్నీ చూసేయగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నంబరు తెలిసినంత మాత్రాన చూడలేరు. ముందుగా, మీ దగ్గరున్నవి రెండు వేర్వేరు కార్డులని గమనించండి. ఆయుష్మాన్ కార్డు వైద్యం ఖర్చుకు సంబంధించినది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించేలా 2024 అక్టోబరులో దానిని విస్తరించారు. ఆభాతో పైసా రాదు. వేర్వేరు ఆసుపత్రులలో ఉన్న ఒకే మనిషి రికార్డులను కలిపే గుర్తింపు సంఖ్య మాత్రమే అది, పైగా స్వచ్ఛందం. కౌంటరులో మీకు చెప్పిన మాట సరికాదు. వద్దనుకుంటే ఆ ఖాతాను మీరే తొలగించుకోవచ్చు.

రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే గదిలో పోగుపడి ఉంటాయని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఏ ఆసుపత్రి రిపోర్టు ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే ఉంటుంది. అది ఆభాకు లింక్ అయి ఉంటేనే మరొకరు అడగగలరు; మీ అమ్మగారి పాత డాక్టరు చేతితో రాసిచ్చిన చీటీలు వాటంతటవే అందులో కనిపించవు. ఎవరైనా అడిగితే ఆభా యాప్‌లో ఒక అభ్యర్థన వస్తుంది. అడుగుతున్నది ఎవరు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ అనుమతి ఎన్నాళ్లు చెల్లుతుంది అనేవన్నీ అందులో ఉంటాయి. చాలామంది చదవకుండానే ఒప్పుకుంటారు గానీ, వాటిని మార్చే వీలుంది: కంటి డాక్టరు అడిగితే పరీక్షల రిపోర్టులకు మాత్రం టిక్కు ఉంచి, మందుల చీటీలకు తీసివేయవచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు కూడా, అయితే ఈలోపు ఎవరైనా అచ్చు తీసుకున్న కాగితం వెనక్కి రాదు.

బీమా కంపెనీ సంగతి కొంచెం వేరు. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం చివర, చికిత్స చేసిన ఆసుపత్రి నుంచి వివరాలు తెప్పించుకోవడానికి అనుమతిస్తున్నానన్న వాక్యం సాధారణంగా ఉంటుంది. క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) కోరినప్పుడు ఆసుపత్రే కాగితాలు పంపుతుంది. ఈ రెండు దారులకూ ఆభాతో పనిలేదు. అందువల్ల ప్రైవేటు పాలసీ ఏదైనా తీసుకుంటే డిప్రెషన్ మందుల సంగతి దాచకుండా రాయడమే మంచిది, దాస్తే క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది.

నా దృష్టిలో అసలు లోపం కౌంటరు దగ్గరే ఉంది. ఆ రోజు మీరు ఓటీపీ చెప్పారు సరే, ఖాతాకు జోడించిన ఫోను నంబరు ఎవరిదో చూసుకున్నారా? 2023లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ సంస్థ ఆయుష్మాన్ పథకాన్ని తనిఖీ చేసినప్పుడు, పది తొమ్మిదులున్న ఒకే మొబైల్ నంబరు కింద సుమారు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదై కనిపించారు. లబ్ధిదారును నిర్ధారించడానికి మొబైల్ నంబరును వాడటం లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. కావచ్చు. కానీ ఆభా విషయంలో అనుమతి అడిగే కబురు వచ్చేది ఫోనుకే గనుక, అక్కడ తప్పుడు నంబరు ఉంటే మీ తలుపు తట్టవలసినవాడు పక్కింటి తలుపు తడతాడు.

ఆసుపత్రి సొంత కంప్యూటరును మాత్రం ఏ కార్డూ కాపాడలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు, ఓపీ నుంచి ల్యాబు వరకు రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతో నడిపించవలసి వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, భద్రతలో నిర్లక్ష్యానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

ప్రశ్న: నాన్నగారి ఆయుష్మాన్ కార్డు బస్సులో పోయింది. ఆయన పాత సిమ్ కూడా ఆరు నెలలుగా రీచార్జి లేక ఆగిపోయింది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కార్డు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చూడవలసింది సిమ్‌ను. రద్దయిన నంబరును తొంభై రోజులు దాటాక కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు, అప్పుడు మీ నాన్నగారి ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళతాయి. ముందు ఆధార్‌లో, తర్వాత ఆభాలో నంబరు మార్పించండి. ‘కార్డు రద్దవుతోంది, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. ఒకవేళ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి తెలపండి. కొత్త కార్డు అచ్చు కోసం ఇంటర్నెట్ సెంటరువారికి ఆధార్‌ను వాట్సాప్‌లో పంపే అలవాటుంటే, అది వారి కంప్యూటరులో డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి పడి ఉంటుంది. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌తో పని జరుగుతుందేమో ముందు అడగండి, జరగకపోతే అచ్చు చేతికి రాగానే ఆ ఫైలును మీ ఎదుటే తొలగింపజేయండి.