క్రిక్‌లేడ్ నార్త్ మెడోకి మే ఆఖర్లో వెళ్తే పూలు ఉంటాయా?

ఇంగ్లండ్‌లోని స్విండన్‌కి కొత్తగా వచ్చాం, మే ఆఖరి సెలవుల్లో పిల్లల్ని దగ్గర్లోని క్రిక్‌లేడ్ ఊరి గడ్డి మైదానం నార్త్ మెడోకి తీసుకెళ్తే ఆ గళ్ళ పూలు కనిపిస్తాయా అని అడిగారు. కనిపించవండీ. మేమూ సరిగ్గా ఇదే తప్పు చేశాం. మొదటి ఏడాది పులిహోర కట్టుకుని మరీ వెళ్తే మోకాళ్ళెత్తు గడ్డి, అక్కడక్కడా పసుపు పూలు. "దీనికా ఇంత హడావుడి చేశారు?" అన్నట్టు మా ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

జనం వచ్చేది స్నేక్స్ హెడ్ ఫ్రిటిల్లరీ అనే ఆ గళ్ళ పువ్వు కోసం. అది ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా ఉంటుంది, అంతే. మరుసటి ఏడాది ఏప్రిల్ 20 ప్రాంతంలో మళ్ళీ వెళ్ళాం. దూరం నుంచి చూస్తే గడ్డి మీద ఊదారంగు మసకలా ఉంది తప్ప ఏమీ తెలియలేదు, బాట పక్కన గొంతుక్కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది. గడ్డిపోచంత సన్నటి కాడ, దాని చివర తలదించుకున్న గంట లాంటి పువ్వు, రేకుల మీద అచ్చం మన గళ్ళ లుంగీ! మా చిన్నోడైతే "ఎవరు నాన్నా స్కేలు పెట్టి గీశారు?" అన్నాడు. మధ్యమధ్యలో తెల్లవి కూడా ఉంటాయి.

బ్రిటన్‌లో ఎవరూ నాటకుండా వాటంతట అవే పెరిగే ఈ పూలలో దాదాపు 80 శాతం ఈ ఒక్క పొలంలోనే ఉన్నాయంటారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, దీన్ని దున్నలేదు. థేమ్స్, చర్న్ నదుల మధ్య ఉంది కాబట్టి చలికాలం వరద వచ్చి ఒండ్రు వేసి పోతుంది, గింజలు రాలాక జులైలో గడ్డి కోస్తారు, ఆగస్టు 12 నుంచి ఫిబ్రవరి 12 దాకా ఊరివాళ్ళ పశువులు మేస్తాయి. మన ఊళ్ళలో మేత పోరంబోకు ఉంటుంది చూడండి, ఇంచుమించు అదే పద్ధతి. కాకపోతే మా ఊరి పోరంబోకులో ఇప్పుడు ప్లాట్లేశారు.

వసంతంలో నీళ్ళు ఎక్కువ రోజులు నిలిచిపోతే మాత్రం ఆ ఏడు పూలు బాగా తగ్గుతాయి, అందుకే బయల్దేరే ముందు కనుక్కోండి. ఫొటో కోసం పిల్లల్ని బాట దిగనివ్వకండి, గింజ పడ్డాక మొక్క పూతకి రావడానికి ఏళ్ళు పడుతుంది. రబ్బరు బూట్లు తప్పనిసరి, మా చిన్నోడి కొత్త షూస్ ఆ బురదకే బలైపోయాయి.