సమ్మర్ క్యాంపులో పిల్లలు, సిగ్నల్ కోసం పెద్దలు

ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసరికి మా గోదావరి జిల్లాల్లో సమ్మర్ క్యాంపుల హడావిడి మొదలవుతుంది. ఒకడు ఈతకి, ఒకర్తి కరాటేకి, ఇంకొకడు ఏజెన్సీ కొండల్లో ట్రెక్కింగ్‌కి. జూన్ రెండో వారంలో బళ్లు తెరిచేదాకా ఫోన్లూ కంప్యూటర్ల సందేహాలు తీర్చే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలన్నిటిలోనూ అటు తిప్పి ఇటు తిప్పి ఒకటే ప్రశ్న, పిల్లలతో మాట్లాడేదెలా అని. అందుకే ల్యాప్‌టాప్ స్లో అయిందన్నవారినీ, ప్రింటర్ మొరాయిస్తోందన్నవారినీ వచ్చే వారందాకా ఓపిక పట్టమంటున్నాను.

మా అబ్బాయికి 11 ఏళ్లు. పది రోజుల క్యాంపుకి మారేడుమిల్లి పంపిస్తున్నాం. స్మార్ట్‌ఫోన్ తేకూడదన్నారు. ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకి పిల్లల జీపీఎస్ వాచీ కనపడింది. అది కొనమంటారా, లేక మా బావమరిది దగ్గరున్న ఆపిల్ ట్రాకర్ బిళ్ల, అదే ఎయిర్‌ట్యాగ్, బ్యాగులో వేసెయ్యమంటారా? నేను రొయ్యల చెరువుల మీద ఉంటాను, అస్తమానూ ఫోన్ చెయ్యడం కుదరదు. – ఒక తండ్రి, భీమవరం దగ్గర

రెండూ వద్దండి.

వాచీ సంగతి ముందు చూద్దాం. అది రెండు పనులు చెయ్యాలి. ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్ పట్టుకుని తానెక్కడుందో లెక్క కట్టుకోవడం మొదటిది. ఆ లెక్కని తన లోపలున్న సిమ్ ద్వారా మీ ఫోన్‌కి పంపడం రెండోది. మొదటి పనికి ఆకాశం కనపడితే చాలు, అడవిలోనైనా అవుతుంది. రెండో పనికి టవర్ ఉండాలి. రంపచోడవరం దాటి ఘాట్ ఎక్కాక సిగ్నల్ ఏ మలుపులో వస్తుందో, ఏ మలుపులో పోతుందో ఆ రూట్లో బండి నడిపినవాళ్లనడగండి. మీ వాడెక్కడున్నాడో వాచీకి తెలుస్తుంది, మీకు చెప్పే దారే దానికుండదు.

పైగా చవక వాచీల్లో కొన్నిటికి జీపీఎస్ అన్నది పేరుకే. దగ్గర్లో ఉన్న టవర్‌ని బట్టి అంచనా వేసి చూపిస్తాయి. ఊళ్లో అయితే నాలుగు వీధుల తేడా. టవర్లు దూరం దూరంగా ఉన్నచోట కిలోమీటర్ల తేడా. వాడు బుద్ధిగా గుడారంలో పడుకుని ఉంటే మ్యాపులో వాగు మధ్యలో కనపడతాడు. ఆ రాత్రి మీకు నిద్ర ఉంటుందా?

ఇంకో సంగతి. 2019లో అవాస్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇలాంటి చవక ట్రాకర్లని పరీక్షించి, దాదాపు 6 లక్షల పరికరాలు కంపెనీ పెట్టిన 123456 అనే పాస్‌వర్డ్‌తోనే ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయని బయటపెట్టింది. అంటే మీ అబ్బాయి ఎక్కడున్నాడో మీకే కాదు, ఊరందరికీ తెలిసేలా ఉన్నాయన్నమాట. దూరం నుంచి మాటలు వినే సదుపాయం ఉన్న పిల్లల వాచీల అమ్మకాన్ని జర్మనీ 2017లోనే ఆపేసింది.

ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు, సిమ్ అంతకంటే లేదు. దూరానికి జాడ చేరవేయడానికి దానికున్న ఆధారం బ్లూటూత్. దాని పక్కనుంచి ఎవరిదైనా ఐఫోన్ వెళ్తే, ఆ ఫోన్ చడీచప్పుడు లేకుండా దాని జాడని ఆపిల్‌కి చేరవేస్తుంది. భీమవరం బస్టాండులో పోయిన బ్యాగు వెతకడానికి భేషుగ్గా పనికొస్తుంది. కొండ మీద ఎన్ని ఐఫోన్లుంటాయి, వాటిలో ఎన్నిటికి నెట్ ఉంటుంది? ఒకవేళ ఉన్నాయే అనుకోండి, తమాషా అప్పుడు మొదలవుతుంది. యజమాని వెంట లేని ట్యాగ్ వేరే మనిషితో పాటు తిరుగుతుంటే ఆ మనిషి ఫోన్‌కి ‘మీ వెంట ఎవరిదో ట్రాకర్ వస్తోంది’ అని హెచ్చరిక వెళ్తుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇది ఉంది. కోచ్ సారు బస్సంతా దింపి బ్యాగులన్నీ వెతికిస్తారు. ఎయిర్‌ట్యాగ్ వస్తువుల కోసమే గానీ మనుషుల జాడ తీయడానికి కాదని ఆపిలే చెప్పింది.

మూడేళ్ల కిందట నేనూ ఈ బుద్ధితక్కువ పని చేశాను. మా వాడి బ్యాగులో, క్యాంపు వాళ్లకి తెలియకుండా, నా పాత ఫోన్ పెట్టి వాట్సాప్‌లో ఎనిమిది గంటల లైవ్ లొకేషన్ ఆన్ చేశాను. వాట్సాప్‌లో అంతకంటే ఎక్కువసేపు పెట్టడం కుదరదు. సాయంత్రం ఆరింటికి వాడి బొమ్మ ఘాట్ రోడ్డు మలుపులో ఆగింది. ఏడింటికీ అక్కడే. ఎనిమిదింటికీ అక్కడే. బస్సు లోయలో పడిందన్నదాకా వెళ్లిపోయింది మా ఇంట్లో ఆలోచన. బొమ్మ కింద ‘చివరిసారి అప్‌డేట్ అయింది ఫలానా గంటకి’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. జిల్లా అంతటికీ సెట్టింగులు చెప్పే నేను ఆ లైను చదవలేదు. పొద్దున్నే సారు ఫోన్ చేసి, “రాత్రి పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిని పడుకున్నాడండీ, ఈ ఫోన్ మీదేనా?” అన్నారు. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నాకు సిగ్గే.

తెల్లవారుజామున మూడింటికి టార్చిలైటు పట్టుకుని, ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలుతోందేమోనని గట్టు మీద తిరిగే మనిషి మీరు. ఒక్కో రొయ్యకీ వాచీ కట్టారా? నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ తిరుగుతున్న చప్పుడు వింటే సగం ధైర్యం. ఇక్కడ కూడా అలాంటి చప్పుడు ఒకటి ఏర్పాటు చేసుకోండి. క్యాంపు సారు నంబరుతో పాటు, వేరే కంపెనీ సిమ్ వాడే ఇంకొకరి నంబరు కూడా తీసుకోండి. అక్కడ ఏ సిమ్‌కి సిగ్నల్ అందుతుందో వాళ్లనే అడగండి. రోజూ రాత్రి భోజనాలయ్యాక ‘అందరూ బాగున్నారు’ అని ఒక్క ఎస్సెమ్మెస్ పెట్టగలరా అని మర్యాదగా అడగండి. వాట్సాప్ కాదు, పాత ఎస్సెమ్మెస్సే. దానికి నెట్ అక్కర్లేదు. మీరు చెరువు మీద సిగ్నల్ లేనిచోట ఉన్నా ఆ మెసేజ్ కంపెనీ దగ్గర ఆగి ఉండి, మీ ఫోన్‌కి సిగ్నల్ తగలగానే టంగుమంటుంది. 2022 మే నెలలో కోనసీమలో నెట్ ఆపేసిన రోజులు చూసినవాళ్లకి వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మా పాపకి తొమ్మిదేళ్లు. విశాఖలో డాన్స్ క్యాంపు, 15 రోజులు. బటన్ల ఫోన్ అయితే ఉంచుకోవచ్చన్నారు. కొత్తది కొని ఇంట్లో ఉన్న జియో సిమ్ వేస్తే ‘నో సర్వీస్’ అంటోంది. షాపతను సిమ్ పాడైందంటాడు, సిమ్ కొట్టువాళ్లు ఫోన్ పాడైందంటారు. ఇంకోటి, తాతయ్య కథ చెప్పకపోతే పాపకి నిద్ర పట్టదు. ఆయన వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు మెమరీ కార్డులో వేసిచ్చాం, ఒక్కటీ పలకడం లేదు. – ఒక తల్లి, ముమ్మిడివరం

సిమ్ పాడవలేదు, ఫోనూ పాడవలేదు. ఇద్దరికీ జత కుదరలేదంతే. జియోకి 2జీ నెట్‌వర్క్ అనేదే లేదు, 2016లో మొదలైందే 4జీతో. మీరు కొన్నది 2జీ ఫోన్ అయి ఉంటుంది, పెట్టె మీద చూడండి. ఫోన్ మార్చి 4జీ కీప్యాడ్ ఫోనన్నా తీసుకోండి, లేదా అదే ఫోన్‌లో ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటి సిమ్మన్నా వెయ్యండి. కొత్త సిమ్ మీ పేరు మీదే తీసుకోవాలి, 18 ఏళ్లు నిండనివారికి ఇవ్వరు. రీచార్జికి వెళ్లినప్పుడు డేటా లేని, కాల్స్ ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉన్న ప్యాక్ అడగండి. అలాంటివి ఉంచి తీరాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకి చెప్పింది. అడిగితే గానీ కొట్టువాళ్లు చెప్పరు.

తాతయ్య కథల సంగతి నాకు భలే నచ్చింది. వాట్సాప్ వాయిస్ మెసేజీ ఓపస్ అనే రకం ఫైలు. బటన్ల ఫోన్‌కి తెలిసింది ఎంపీ3. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే, దాని మెనూలో ‘కన్వర్ట్’ అని ఉంటుంది, అక్కడ ఎంపీ3 ఎంచుకుంటే మారిపోతుంది. కంప్యూటర్ లేదా? కార్డుల్లో పాటలు ఎక్కించే కొట్టు మీ సెంటర్లో ఇంకా మిగిలి ఉంటే ఐదు నిమిషాల్లో చేసిపెడతాడు. ఫైళ్ల పేర్లు తెలుగులో పెడితే కొన్ని ఫోన్లలో డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి. 01, 02 అని అంకెలు వెయ్యండి, పాప వరసగా వింటుంది. కాకీ పిచిక కథ ఆఖరున పెట్టమనండి తాతయ్యని, దానికి పిల్లలు సగంలోనే నిద్రపోతారు. మా ఇంట్లో రుజువైంది.

మా అమ్మాయి దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్లింది. మనవరాలు నా దగ్గర ఉంటుంది, 12 ఏళ్లు. ఇప్పుడు రాజమండ్రిలో క్యాంపుకి పంపాం. ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర వరకే మాట్లాడనిస్తారు, అదీ వార్డెన్ గారి ఫోన్‌లో. మా అమ్మాయి వాట్సాప్ కాల్ చేస్తే కలవట్లేదు. మొన్న ఆదివారం ఇద్దరూ ఏడ్చారు. – ఒక అమ్మమ్మ, రాజోలు

అమ్మమ్మగారూ, తప్పు వార్డెన్ గారి ఫోన్‌ది కాదు. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్ కాల్స్‌కి అనుమతి లేదు. మెసేజీలూ ఫొటోలూ వాయిస్ మెసేజీలూ వెళ్తాయి, కాల్ మాత్రం కలవదు. మీ వీధిలోనే కువైట్‌లో ఉన్నవాళ్లు చక్కగా వాట్సాప్‌లో మాట్లాడుతుంటే మీకు అయోమయంగా ఉంటుంది. దేశాన్ని బట్టి రూలు.

అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ అనే యాప్ ఉంది. మీ ఇంట్లో మీరు వాడుకోవడానికి బాగుంటుంది. కానీ అది రెండు వైపులా ఉండాలి. వార్డెన్ గారిని ఫోన్‌లో కొత్త యాప్ వేసుకోమనడం బాగుండదు, అలాంటి తల్లులు ఇంకో పది మంది ఉంటారు. ఏ దేశంలో ఉన్నామో దాచిపెట్టే వీపీఎన్ యాప్ పెట్టుకోమని మీ అమ్మాయికి తోటివాళ్లు సలహా ఇస్తారు, ఆ దేశ చట్టంతో చిక్కు, వద్దనండి. అరగంటే కదా, అక్కడి సిమ్ నుంచి మామూలు ఐఎస్‌డీ కాలే చెయ్యమనండి. ఇండియా నిమిషాల ప్యాక్ వేయించుకుంటే భారం తగ్గుతుంది. వార్డెన్ గారికి రూపాయి ఖర్చుండదు, నెట్ అవసరం ఉండదు.

రెండు జాగ్రత్తలు. మన ఐదు గంటలంటే వాళ్లకి మధ్యాహ్నం మూడున్నర. పని మధ్యలో ఉంటుంది, వాళ్ల మేడమ్‌కి ముందే చెప్పుకోమనండి. రెండోది, +971తో మొదలయ్యే నంబరు చూసి వార్డెన్ గారు మోసగాళ్లనుకుని ఎత్తకపోవచ్చు.  ఆ నంబరు మీ మనవరాలి పేరుతో సేవ్ చేసుకోమని మీరే ఫోన్ చేసి చెప్పండి. ఈ ఆదివారం ఏడుపుండదు. ఉన్నా, వేరే రకం ఏడుపు.

క్యాంపు వాట్సాప్ గ్రూపులో ఎవరో కొత్త నంబరు నుంచి ‘క్యాంప్ ఫొటోస్’ అని ఒక ఫైలు పెట్టారు. నొక్కితే ఏదో యాప్ ఇన్‌స్టాల్ చెయ్యమంటోంది. చెయ్యొచ్చా? – ఒక తల్లి, పాలకొల్లు

చెయ్యకండి, చెయ్యకండి. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉందేమో చూడండి, అలా ఉంటే అది ఫొటో కాదు, యాప్. ఫొటో అయితే జేపీజీ అని ఉంటుంది, తెరుచుకోవడానికి ఏ యాపూ అడగదు. పెళ్లి శుభలేఖలనీ, బండి చలానాలనీ వచ్చిన మోసమే ఇప్పుడు పిల్లల ఫొటోల వేషం కట్టింది. అది ఫోన్‌లో దిగితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి పుచ్చుకుని ఓటీపీలు లాగేస్తుంది. గ్రూపు అడ్మిన్‌కి చెప్పి తీయించండి, మెసేజీలు అడ్మిన్లే పెట్టేలా సెట్టింగ్ మార్చమనండి. ఎవరైనా ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి. ఆ తర్వాత యాప్ తీసెయ్యడం, వీలైతే ఫోన్ మొత్తం రీసెట్ చేయించడం. ఆ వరస మారకూడదు, డబ్బు వెళ్లాక మొదటి గంటల్లో 1930కి చేస్తేనే ఆపే వీలు ఎక్కువ.

ఇదే గుంపువాళ్లు ‘మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, ఆసుపత్రిలో కట్టాలి’ అని ఫోన్ కూడా చేస్తారు. గొంతు అచ్చం పిల్లాడిలాగే ఉండొచ్చు, ఇప్పుడు గొంతుని అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉంది. పెట్టేసి సారుకి చెయ్యండి. పిల్లలతో బయల్దేరే ముందే ఒక ప్రశ్న అనుకోండి, మనింటి దూడ పేరేంటి లాంటిది. ‘క్యాంపుకి బయల్దేరాడు’ అని ఊరి పేరుతో సహా స్టేటస్ పెట్టేవాళ్లే ఈ మోసగాళ్లకి సగం పని చేసిపెడుతున్నారు, అది మాత్రం చెప్పాలి.

గ్రూపులో రోజుకి రెండొందల గుడ్ మార్నింగులు వస్తున్నాయి, అసలు కబురు కనపడట్లేదు. – అమలాపురం

మ్యూట్ చేసి, సారు మెసేజీలకి మాత్రం స్టార్ పెట్టుకోండి. మీరు పెట్టే గుడ్ మార్నింగ్ కూడా మానెయ్యండి.

ఫోన్లే వద్దంటున్నారు మా పాప క్యాంపులో, పూర్తిగా. ఏదైనా ఉపాయం ఉందా? – రావులపాలెం

పోస్టుకార్డు. నవ్వకండి, ఇంకా 50 పైసలే. రావడానికి నాలుగు రోజులు పట్టొచ్చు, ఛార్జింగ్ అక్కర్లేదు. ఇంటి అడ్రసూ పిన్‌కోడూ మీరే రాసి ఐదు కార్డులు బ్యాగులో పెట్టండి. రాయమంటే ఖాళీ వైపు మాత్రమే పిల్లలు రాస్తారు, అడ్రసు దగ్గర ఆగిపోతారు.

ఇంకా ఒకటి చూడండి, బస్సెక్కకముందే. మీ ఫోన్ నంబరు పాపని చూడకుండా చెప్పమనండి. అన్నీ ఫోన్లలోనే సేవ్ అయి ఉండటంతో చాలామంది పిల్లలకి ఒక్క నంబరూ నోటికి రాదు. మా వాణ్ణి అడిగితే గడగడా చెప్పాడు, సంతోషించాను. తీరా చూస్తే అది కరెంటు బిల్లు వెనక రాసి ఉన్న వాటర్ టిన్ను అబ్బాయి నంబరు. ఇంటికి నీళ్లు చెప్పేది వాడే మరి.